ఫ్రాన్స్: పారిస్ దాటి వెళ్తే కనిపించే నగరాలు ఏం చెబుతాయి? అక్కడి పాత వీధులు ఎలా నిలిచాయి?

లియోన్ నగరంలోని సేంట్-జాన్ వీధిలో 54వ నంబరు తలుపు చూడటానికి మామూలు ఇంటి తలుపులాగే ఉంటుంది. దాన్ని నెట్టి లోపలికి అడుగుపెడితే సన్నని చీకటి నడవా మొదలవుతుంది. చిన్న చిన్న ముంగిళ్లను దాటుకుంటూ, నాలుగు భవనాల కింది నుంచి సాగి, చివరకు మరో వీధిలోని 27వ నంబరు తలుపు దగ్గర తేలుతుంది.

ఇలాంటి దారులను అక్కడ 'ట్రబూల్' అంటారు. లియోన్‌లో ఇవి వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో కొన్ని పదులు మాత్రమే బయటివారికి తెరిచి ఉంటాయి.

ఈ దారుల పక్కన, పైఅంతస్తుల్లో కుటుంబాలు నివసిస్తున్నాయి. ఉత్తరాల పెట్టెలు, సైకిళ్లు, ఆరేసిన బట్టలు అక్కడే కనిపిస్తాయి. పర్యటకులు చూడటానికి వచ్చే చారిత్రక కట్టడం, ఇంకొకరికి రోజూ మెట్లెక్కే ఇల్లు.

ఫ్రాన్స్ జనాభా దాదాపు 6.8 కోట్లు. 2024లో ఆ దేశానికి వచ్చిన విదేశీ పర్యటకులు దాదాపు 10 కోట్ల మంది. ప్రపంచంలో అత్యధికంగా విదేశీ పర్యటకులు వెళ్లే దేశం అదే.

భారత్ నుంచి వెళ్లేవారిలో చాలామంది ప్రయాణం ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సేన్ నదిలో పడవ విహారంతో ముగుస్తుంది. కానీ, రైలులో రెండు మూడు గంటలు ప్రయాణిస్తే చేరుకోగల లియోన్, మార్సెయ్, స్ట్రాస్‌బర్గ్, బోర్డో నగరాలు ఒకదానితో ఒకటి పోలిక లేని చరిత్రలను చూపుతాయి.

వాటన్నింటిలోనూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఈ పాత వీధులు ఇప్పటికీ ఎలా నిలిచి ఉన్నాయి? వాటిని ఎవరు కాపాడారు? కాపాడలేకపోయిన చోట ఏం జరిగింది?

పారిస్ అందం వెనుక కూల్చివేతలు

నేడు పారిస్ అనగానే గుర్తొచ్చే విశాలమైన వీధులు, ఒకే ఎత్తులో వరుసగా నిలిచే రాతి భవనాలు మధ్యయుగాల నాటివి కావు. వాటిలో అధిక భాగం 19వ శతాబ్దపు రెండో సగంలో రూపుదిద్దుకున్నాయి.

మూడో నెపోలియన్ చక్రవర్తి హయాంలో జార్జ్ ఓస్మాన్ 1853 నుంచి 1870 వరకు సేన్ ప్రాంత పాలనాధికారిగా ఉన్నారు. ఇరుకు సందులను కూల్చి కొత్త రహదారులు వేయించారు. భూగర్భ మురుగు కాలువలు, తాగునీటి వ్యవస్థ, ఉద్యానవనాలు ఏర్పాటు చేయించారు.

కలరాతో సతమతమైన నగరానికి గాలి, వెలుతురు, శుభ్రమైన నీరు అందాయి. అదే సమయంలో వేల కుటుంబాలు ఇళ్లు కోల్పోయాయి. అద్దెలు పెరగడంతో పేద కార్మికులు నగర అంచులకు తరలిపోవాల్సి వచ్చింది.

నోత్ర్ దామ్ చర్చి ఉన్న ద్వీపంలో ఒకప్పుడు కిక్కిరిసి ఉన్న నివాసాలలో చాలా వరకు ఆ కాలంలోనే మాయమయ్యాయి. చర్చి ఎదుట నేడు పర్యటకులు ఫొటోలు దిగే విశాలమైన ఆవరణ, పాత ఇళ్లను తొలగించగా ఏర్పడినదే.

2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదానికి గురైన ఆ చర్చిని అయిదేళ్లకు పైగా సాగిన పునరుద్ధరణ తర్వాత 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. లోపలికి ప్రవేశం ఉచితం.

పారిస్‌ను 20 పాలనా విభాగాలుగా విభజించారు. మధ్యలో మొదలైన ఒకటో విభాగం నుంచి అంకెలు నత్తగుల్ల చుట్టు మాదిరిగా బయటికి తిరుగుతూ వెళ్తాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే చిరునామాలోని పిన్‌కోడ్ చివరి రెండు అంకెలను బట్టి హోటల్ ఏ విభాగంలో ఉందో గ్రహించవచ్చు.

20వ శతాబ్దంలో పారిస్‌కు మరో ముప్పు వచ్చింది. అది కారు. 1967లో సేన్ నది కుడి గట్టు వెంట వాహనాల కోసం వేగవంతమైన రహదారిని ప్రారంభించారు. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 2016లో, ఆ గట్టులో కొంత భాగాన్ని వాహనాలకు మూసివేసి పాదచారులకు అప్పగించారు.

1973లో పూర్తయిన 210 మీటర్ల మోంపర్నాస్ టవర్‌పై వచ్చిన విమర్శల నేపథ్యంలో నగర కేంద్రంలో భవనాల ఎత్తుపై 1977లో పరిమితులు విధించారు. పారిస్ కేంద్రంలో ఆకాశహర్మ్యాలు కనిపించకపోవడానికి కారణం ఇదే.

లియోన్: రహదారి నుంచి బయటపడిన పాత బస్తీ

రోన్, సోన్ నదులు కలిసే చోట క్రీస్తుపూర్వం 43లో రోమన్లు స్థాపించిన నగరం లియోన్. ఫూర్వియేర్ కొండపై ఆనాటి రంగస్థలం శిథిలాలు నేటికీ ఉన్నాయి. కొండ దిగువన సోన్ నది ఒడ్డున 15, 16 శతాబ్దాల నాటి ఇళ్లతో కూడిన పాత బస్తీ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ బస్తీ శిథిలావస్థకు చేరింది. దాన్ని మురికివాడగానే చూసేవారు. నాటి మేయర్ లూయీ ప్రదెల్ ఆధునిక రహదారులను బలంగా సమర్థించిన నాయకుడు. పాత బస్తీ మధ్య నుంచి వాహనాల రహదారి వేసే ఆలోచన తెరపైకి వచ్చింది.

స్థానికులు సంఘంగా ఏర్పడి దాన్ని వ్యతిరేకించారు. ఆ సమయంలో ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ మంత్రిగా ఉన్న రచయిత ఆంద్రే మాల్రో 1962లో ఒక చట్టం తెచ్చారు.

అప్పటివరకు రక్షణ అంటే ఒక చర్చికో, ఒక కోటకో పరిమితమైన విషయం. మాల్రో చట్టం మొత్తం బస్తీని, అంటే సాధారణ ఇళ్లు, వీధులు, ముంగిళ్లు అన్నింటినీ కలిపి కాపాడే వీలు కల్పించింది.

ఆ చట్టం కింద 1964లో దేశంలోనే మొదటి రక్షిత ప్రాంతంగా లియోన్ పాత బస్తీని ప్రకటించారు. 1998లో లియోన్ చారిత్రక ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ట్రబూల్‌లు ఇప్పటికీ తెరిచి ఉండటం వెనుక ఒక ఒప్పందం ఉంది. ఇళ్ల యజమానులు పగటిపూట దారి తెరిచి ఉంచుతారు. అందుకు ప్రతిగా ఆ దారుల శుభ్రత, దీపాల వంటి ఖర్చుల్లో నగర పాలక సంస్థ పాలుపంచుకుంటుంది. లోపల నిశ్శబ్దంగా నడవాలన్న సూచన గోడలపై కనిపించడానికి కారణం అదే.

లియోన్ మగ్గానికి, తెలుగు మగ్గానికి ఉన్న బంధం ఏమిటి?

పాత బస్తీకి ఉత్తరాన, నదికి అవతల క్రువా-రూస్ కొండ ఉంది. 19వ శతాబ్దంలో అది పట్టు నేతగాళ్ల కొండ. అక్కడి ఇళ్ల పైకప్పులు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటాయి. కిటికీలు పొడవుగా ఉంటాయి.

ఆ ఎత్తు ఇంటివారి కోసం కాదు, మగ్గం కోసం. లియోన్‌కు చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపొందించిన యంత్రాన్ని మగ్గం పైన అమర్చేవారు. అందుకు అంత ఎత్తు అవసరమైంది.

రంధ్రాలు పొడిచిన అట్టల వరుస ఆ యంత్రానికి ప్రాణం. పేక నడిచే ప్రతిసారీ పడుగులోని ఏ పోగులు పైకి లేవాలో అట్టలోని రంధ్రాలే నిర్ణయిస్తాయి. అంతకుముందు పోగులను పైకి లాగేందుకు నేతగాడి పక్కన మరొకరు ఉండాల్సి వచ్చేది.

అదే సూత్రం నేటికీ తెలుగు నేలపై పనిచేస్తోంది. ధర్మవరం పట్టుచీర అంచులో, కొంగులో పువ్వులు, హంసలు నేసేందుకు నేతగాళ్లు వాడే జకార్డ్‌కు ఆ పేరు లియోన్ నుంచి వచ్చిందే. అట్టల్లోని రంధ్రాలతో ఆదేశాలు ఇచ్చే ఆలోచన తర్వాతి కాలంలో ఇంగ్లండ్‌లో ఛార్లెస్ బాబేజ్ గణన యంత్రపు రూపకల్పనకూ ప్రేరణ ఇచ్చింది.

నేతగాళ్ల జీవితం మాత్రం మెత్తగా సాగలేదు. నేత కూలికి కనీస ధర నిర్ణయించాలని డిమాండ్ చేస్తూ 1831లో వారు తిరుగుబాటు చేశారు. 1834లో మళ్లీ లేచారు. రెండు సార్లూ ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. ఆధునిక ఐరోపాలో కార్మికుల తొలి పోరాటాల్లో వీటిని చరిత్రకారులు చేర్చుతారు.

మార్సెయ్: కూల్చిన వీధులు, మిగిలిన వీధులు

ఫ్రాన్స్‌లోని అతి ప్రాచీన నగరం మార్సెయ్. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో ఫొకేయా నుంచి వచ్చిన గ్రీకు నావికులు దీన్ని స్థాపించారు. వారు ఓడలు నిలిపిన రేవే నేటి 'పాత రేవు'. ఇప్పటికీ అక్కడ ఉదయం చేపల అమ్మకం సాగుతుంది.

ఆ రేవు పక్కనే నిలబడితే ఒక వింత కనిపిస్తుంది. నీటి ఒడ్డున ఉన్న భవనాలు యుద్ధానంతర కాలానివి. వాటి వెనుక, ఎత్తున ఉన్న పనియే బస్తీ మాత్రం ఇరుకు మెట్లతో, రంగులు వెలసిన గోడలతో శతాబ్దాల నాటి రూపంలో ఉంటుంది.

1943 జనవరిలో నాజీ సేనలు, ఫ్రాన్స్ పోలీసుల సహకారంతో రేవు ఒడ్డునున్న బస్తీని చుట్టుముట్టాయి. దాదాపు 20 వేల మందిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టాయి. యూదులు సహా వందల మందిని నిర్బంధ శిబిరాలకు తరలించాయి. తర్వాత సుమారు 1,500 భవనాలను పేల్చివేశాయి. పాత రేవు ఒడ్డున మాల్రో చట్టం లాంటిదేదీ కాపాడలేని విధ్వంసం అది.

మరో రకమైన నష్టం ఇటీవలి కాలానిది. 2018 నవంబరు 5న నగర కేంద్రంలోని ఓబాన్య్ వీధిలో పాతబడిన భవనాలు కూలి ఎనిమిది మంది చనిపోయారు. పాత ఇళ్లను నిలబెట్టడమంటే ముఖభాగానికి రంగులు వేయడం కాదని, లోపల ఉండే పేదల భద్రత కూడా అందులో భాగమని ఆ దుర్ఘటన గుర్తుచేసింది.

మార్సెయ్‌తో భారత్‌కు పాత బంధాలు ఉన్నాయి. 1910 జులై 8న వినాయక్ దామోదర్ సావర్కర్ బ్రిటిష్ ఓడ నుంచి తప్పించుకుని ఈ నగర తీరానికే ఈదారు. వెంటనే పట్టుబడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 సెప్టెంబరు చివరలో భారత సైనికులు ఇక్కడే ఓడలు దిగి యుద్ధరంగానికి కదిలారు. మజార్గ్ శ్మశానవాటికలో భారత సైనికుల స్మారకం ఉంది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ, ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమాన్యుయేల్ మేక్రాన్ అక్కడ నివాళులర్పించారు.

అంతకంటే పాతది వస్త్ర బంధం. 17వ శతాబ్దంలో మచిలీపట్నంతో సహా కోరమండల్ తీరపు అద్దకపు నూలుబట్టలు ఫ్రాన్స్‌లో విపరీతంగా అమ్ముడయ్యేవి. వాటిని అక్కడ 'ఇందియెన్' అని పిలిచేవారు. వాటిని అనుకరిస్తూ మార్సెయ్‌లో అద్దకపు పని మొదలైంది.

తమ పట్టు, ఉన్ని పరిశ్రమలు దెబ్బతింటున్నాయంటూ ఫ్రాన్స్ ప్రభుత్వం 1686లో ఆ బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు కొనసాగింది. నేడు ప్రొవాన్స్ అంగళ్లలో పర్యటకులు జ్ఞాపికలుగా కొనుక్కునే పువ్వుల టేబుల్ గుడ్డల డిజైన్ల మూలాలు ఆ అద్దకపు బట్టల్లోనే ఉన్నాయి.

స్ట్రాస్‌బర్గ్: 75 ఏళ్లలో నాలుగుసార్లు మారిన జెండా

జర్మనీ సరిహద్దులో, రైన్ నది సమీపంలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ 1871లో జర్మనీ చేతికి, 1918లో ఫ్రాన్స్ చేతికి, 1940లో మళ్లీ జర్మనీ చేతికి, 1944లో తిరిగి ఫ్రాన్స్ చేతికి వెళ్లింది. ఒకే మనిషి జీవితకాలంలో నాలుగుసార్లు జెండా మారింది.

పాత బస్తీలో వీధి పేర్లు ఫ్రెంచ్‌తోపాటు స్థానిక అల్జేషియన్ భాషలోనూ కనిపిస్తాయి. ఇప్పుడు ఐరోపా పార్లమెంటు ఈ నగరంలోనే సమావేశమవుతుంది. రెండు దేశాల మధ్య నలిగిన నగరాన్నే సయోధ్యకు చిహ్నంగా ఎంచుకున్నారు.

గులాబీ రంగు ఇసుకరాతితో కట్టిన ఇక్కడి చర్చి గోపురం ఎత్తు 142 మీటర్లు. 17వ శతాబ్దం మధ్య నుంచి 1874 వరకు ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన కట్టడం ఇదే. నదీపాయల మధ్య ఉన్న నగర కేంద్రాన్ని యునెస్కో 1988లో వారసత్వ జాబితాలో చేర్చింది.

పర్యటకులు అత్యధికంగా ఫొటోలు తీసుకునే 'పెటీట్ ఫ్రాన్స్' బస్తీ ఒకప్పుడు తోళ్లు ఊనేవారిది. ఇళ్లపై కనిపించే తెరిచిన అటకలు తోళ్లు ఆరబెట్టేందుకు కట్టినవి. 'చిన్న ఫ్రాన్స్' అనే ఆ పేరు దేశభక్తితో పెట్టినది కాదు. జర్మన్ మాట్లాడేవారు 'ఫ్రెంచి రోగం' అని పిలిచిన సిఫిలిస్ బాధితుల కోసం అక్కడ వెలసిన ఆసుపత్రి కారణంగా స్థిరపడింది.

నగర కేంద్రంలోని క్లెబెర్ కూడలి ఒకప్పుడు కార్లతో నిండి ఉండేది. 1990ల తొలినాళ్లలో కేంద్రం గుండా వాహనాలు దాటిపోవడాన్ని ఆపి, 1994లో ట్రామ్‌ను ప్రవేశపెట్టారు. మొదట్లో వ్యాపారులు భయపడినా, తర్వాత ఇతర ఫ్రాన్స్ నగరాలు కూడా ఇదే బాట పట్టాయి.

బోర్డో: అద్దంలాంటి నీరు, దాచలేని గతం

గరోన్ నది ఒడ్డున ఉన్న బోర్డో రాతి భవనాలు 1990ల వరకు మసిపట్టి నల్లగా ఉండేవి. రేవు గోదాములు నదిని కనిపించకుండా చేసేవి. గోడలు శుభ్రం చేసి, నది గట్టును తెరిచి, 2003లో ట్రామ్ ప్రారంభించారు. పాత భవనాల ముందు తీగలు వేలాడకుండా, నేలలో అమర్చిన పట్టా నుంచి విద్యుత్ అందేలా ఏర్పాటు చేశారు.

2006లో ఏర్పాటైన 'నీటి అద్దం'లో 18వ శతాబ్దపు బూర్స్ కూడలి భవనాలు ప్రతిబింబిస్తాయి. వేసవిలో పిల్లలు అందులో ఆడుకుంటారు. మరుసటి ఏడాది నగరం యునెస్కో జాబితాలో చేరింది.

అయితే, ఆ భవనాలు కట్టిన సంపద ద్రాక్షసారా వ్యాపారంతో మాత్రమే రాలేదు. కరీబియన్ దీవులలో బానిసల శ్రమతో పండిన చక్కెర, కాఫీ వ్యాపారం ద్వారానూ వచ్చింది. బోర్డో ఓడలు లక్షకు పైగా ఆఫ్రికన్లను బానిసలుగా తరలించాయి. నగరంలోని అక్విటేన్ మ్యూజియంలో ఈ చరిత్రకు ప్రత్యేక గదులు కేటాయించారు. బానిసగా బతికిన మోదెస్త్ తెస్తాస్ అనే మహిళ విగ్రహాన్ని 2019లో నది గట్టున నెలకొల్పారు.

పర్యటకులే భారమైతే?

రహదారుల నుంచి కాపాడుకున్న బస్తీలకు ఇప్పుడు ఎదురవుతున్న ఒత్తిడి వేరు. నివాస గృహాలు పర్యటకుల అద్దె గదులుగా మారుతుంటే, స్థానికులకు ఇళ్లు దొరకడం కష్టమవుతోంది.

2024 నవంబరులో ఫ్రాన్స్ చేసిన చట్టం, సొంత నివాసాన్ని పర్యటకులకు అద్దెకిచ్చే గరిష్ఠ పరిమితిని ఏడాదికి 120 రోజుల నుంచి 90 రోజులకు తగ్గించుకునే అధికారాన్ని నగరాలకు ఇచ్చింది. పారిస్ 2025 నుంచి దాన్ని అమలు చేస్తోంది. గది తీసుకునేవారు ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోవడం మంచిది.

మార్సెయ్ పక్కనున్న కలాంక్ జాతీయ ఉద్యానవనంలోని సుజిటన్ సముద్రపాయకు వేసవిలో ఒక్కోరోజు 2,500 మంది వరకు వచ్చేవారు. తొక్కిడికి మట్టి కోసుకుపోయి, చెట్ల వేళ్లు బయటపడ్డాయి. దాంతో 2022 నుంచి వేసవి రోజుల్లో 400 మందికే అనుమతిస్తున్నారు. రిజర్వేషన్ ఉచితమే అయినా తప్పనిసరి.

లూవ్ర్ మ్యూజియం 2026 జనవరి 14 నుంచి ఐరోపా ఆర్థిక మండలి వెలుపలి దేశాల పెద్దలకు టికెట్ ధరను 22 యూరోల నుంచి 32 యూరోలకు పెంచింది. భారతీయులకూ ఇది వర్తిస్తుంది. 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం.

వెళ్లేవారు తెలుసుకోవాల్సినవి ఏమిటి?

భారతీయులకు షెంగెన్ వీసా అవసరం. దీనిపై ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి.

పారిస్‌లో ఒక్కో దిశకు ఒక్కో స్టేషన్ ఉంటుంది. లియోన్, మార్సెయ్‌లకు గార్ ద లియోన్ నుంచి, స్ట్రాస్‌బర్గ్‌కు గార్ ద లెస్త్ నుంచి, బోర్డోకు మోంపర్నాస్ నుంచి రైళ్లు బయలుదేరుతాయి. వేగవంతమైన టీజీవీ రైలులో లియోన్‌కు సుమారు రెండు గంటలు, స్ట్రాస్‌బర్గ్‌కు గంటా ముప్పావు, బోర్డోకు రెండు గంటలకు కాస్త ఎక్కువ, మార్సెయ్‌కు మూడు గంటలకు పైగా పడుతుంది. విమాన టికెట్ల మాదిరిగానే, ముందుగా కొంటే ధర తక్కువ.

లూవ్ర్‌కు మంగళవారం, ఓర్సే మ్యూజియంకు సోమవారం సెలవు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. హోటళ్లలో మధ్యాహ్న భోజనం సాధారణంగా 12 నుంచి 2 గంటల మధ్యే దొరుకుతుంది.

బిల్లులోనే సేవా రుసుము కలిసి ఉంటుంది కాబట్టి టిప్ తప్పనిసరి కాదు. 'కరాఫ్ ద్ఓ' అని అడిగితే కుళాయి నీరు ఉచితంగా ఇస్తారు. దుకాణంలో అడుగుపెట్టగానే 'బోంజూర్' అనడం అక్కడ కనీస మర్యాద. ఆ పలకరింపు లేకుండా నేరుగా ప్రశ్న అడిగితే అమర్యాదగా భావిస్తారు.

శాకాహారులకు లియోన్ సంప్రదాయ భోజనశాలల్లో ఎంపిక తక్కువ. మార్సెయ్‌లో శనగపిండితో చేసి నూనెలో వేయించే 'పనిస్' దొరుకుతుంది. పారిస్‌లో గార్ ద్యు నార్ స్టేషన్ సమీపంలోని లా షపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల దుకాణాలు, హోటళ్లు ఎక్కువ. దోసె, ఇడ్లీ అక్కడ లభిస్తాయి.

నగర కేంద్రాలన్నీ నడిచి చూడగలిగేవే. వారం రోజుల్లో అయిదు నగరాలు చుట్టేయడం కంటే, పారిస్‌తోపాటు మరొక్క నగరాన్ని ఎంచుకుని అక్కడ రెండు రాత్రులు గడిపితే ఎక్కువ తెలుస్తుంది. పగటి రద్దీ తగ్గిన తర్వాత, తెల్లవారి రొట్టెల దుకాణాలు తెరిచే వేళ, ఆ వీధులు ఎవరివో అప్పుడే కనిపిస్తుంది.

సేంట్-జాన్ వీధిలోని ఆ తలుపును ఒకప్పుడు రహదారి కోసం కూల్చే ప్రమాదం తప్పింది. ఇప్పుడది పర్యటకుల కోసం రోజూ తెరుచుకుంటుంది. లోపలివారు ఆ ఒప్పందాన్ని ఎంతకాలం కొనసాగిస్తారన్నది, దాన్ని తెరిచి వెళ్లేవారు ఎలా నడుచుకుంటారన్న దానిపైనా ఆధారపడి ఉంది.